నడకకి కూడా ఒక చీటీ వేద్దాం



జిమ్ ప్రతిపాదన మీద గ్రూపులో వారం రోజులుగా వాయిస్ మెసేజీలు ఎగురుతున్నాయి. నేను పెట్టిన రెండు వాక్యాలని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకండి. ఆదివారం కాఫీతో పాటు నిదానంగా చదవచ్చు.

సంగతి తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. మౌంట్ రోడ్డు వైపున్న ఒక జిమ్ వాళ్లు, మన సభ్యులు ఇరవై ఐదుమంది కలిసి ఏడాది ఫీజు ఒకేసారి కడితే తలకి 18,000 రూపాయలకి ఇస్తామన్నారు. జీఎస్టీ వేరు. అందులో తలకి మూడు వేలు సంఘం నిధి నుంచి ఇద్దామని కుర్రవాళ్లు కొందరు అడిగారు. అంటే సంఘం మీద పడేది 75,000. వాళ్ల ఉద్దేశం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. నలభై దాటకుండానే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఎక్కువవుతున్నారు, ఏదో ఒకటి చేయాలని వాళ్ల తపన. అయినా నేను ఈ ప్రతిపాదనకి వ్యతిరేకం. ఎందుకో చెబుతాను, దాని బదులు ఏం చేయాలో కూడా చెబుతాను.

2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 18,000 మీద 3,240 కట్టాల్సింది ఇప్పుడు 900 కడితే చాలు, 2,340 మిగులు అని ఒక తమ్ముడు లెక్క వేసి పెట్టాడు. లెక్క తప్పు లేదు. కానీ కొత్త పద్ధతిలో జిమ్ వాళ్లు తాము కొన్న సామాన్ల మీద కట్టిన పన్నుని సర్దుబాటు చేసుకోలేరు, కాబట్టి ఆ భారాన్ని అసలు ఫీజులో కలిపారా లేదా అన్నది కూడా చూసుకోవాలి. సరే, కలపలేదనే అనుకుందాం. మొత్తం 18,900. మొదటి నెల పన్నెండు రోజులు, రెండో నెల ఆరు రోజులు, మూడో నెల రెండు రోజులు వెళ్లి ఆగిపోయిన మనిషికి రోజుకి 945 రూపాయలు పడింది. ఇలా ఆగిపోయినవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో లేరంటారా? ఏడాది ఫీజు ముందే కట్టించుకునే వ్యాపారానికి మనం రాకపోతేనే లాభం. ఇరవై ఐదుమందీ రోజూ సాయంత్రం ఏడింటికి దిగితే వాళ్ల ట్రెడ్‌మిల్లులు చాలవు.

బద్ధకం అని ఎవరినీ తిట్టడానికి నేను ఈ మాట అనడం లేదు. పొద్దున ఎనిమిదింటికి ఇల్లు వదిలి రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చే మనిషిని బద్ధకస్తుడు అని ఎలా అంటాం?

నా వాదన ఒక్కటే. మన అమ్మానాన్నలకి పొదుపు, వ్యాయామం అనేవి విడిగా కూర్చుని చేసే పనులు కావు. బతుకులో ఉన్న బలవంతమే వాళ్లచేత ఆ రెండూ చేయించింది. ఆ బలవంతం ఇప్పుడు పోయింది. దాని స్థానంలో మన ఫోన్లలోకి యాప్‌లు వచ్చాయి. యాప్ ఎంత గుర్తు చేసినా మనం పక్కకి నెట్టేస్తాం. పక్కింటి అక్కని అలా నెట్టేయలేం కదా.

మన పేట సంగతే చూడండి. 1734లో గవర్నర్ జార్జ్ మోర్టన్ పిట్ కాలంలో, కూవం వంపులో నేతగాళ్ల కోసం ఈ పేట కట్టించారు. కంపెనీకి బట్ట కావాలి, దానికి నేసేవాళ్లు, నూలు వడికేవాళ్లు కోట దగ్గర్లో కావాలి. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అన్నదే చింతాద్రిపేట అయిందని చెబుతారు. గుంట మగ్గం మీద పనంటే కాళ్లూ చేతులూ నడుమూ అన్నీ ఆడాలి. ఆ మనుషులకి వ్యాయామం గురించి చెప్పాల్సిన పని లేదు, వాళ్లకి కావలసింది విశ్రాంతి. అప్పులు ఉండేవి, వాళ్ల బతుకు బంగారం అని నేను అనను. కానీ పనికీ ఒంటికీ మధ్య ఇంత ఎడం లేదు.

అంత వెనక్కి కూడా వద్దు. మన నాన్నల తరం పల్లవన్ బస్సు కోసం స్టాపు దాకా నడిచింది, పుట్‌బోర్డు మీద వేలాడింది, ఆఫీసుకి సైకిలు తొక్కింది. అమ్మలు నీళ్ల లారీ దగ్గర్నుంచి రెండో అంతస్తుకి బిందెలు మోశారు. రేషన్ షాపు, పాల బూత్, కరెంటు బిల్లు, బ్యాంకు, అన్నిటికీ కాళ్లే దిక్కు. ఇవాళ బిల్లు ఫోన్లో కడతాం, కూరగాయలు పది నిమిషాల్లో గుమ్మానికి వస్తాయి, రిచీ స్ట్రీట్ దాకా కూడా బైక్ టాక్సీ పిలుస్తాం. ఈ సౌకర్యాలు తప్పని నేను అనను. 2019 ఎండాకాలంలో నీళ్లు లేక పడిన అగచాట్లు ఎవరికి కావాలి మళ్లీ? కానీ వాటితో పాటు మన ఒంటికి దొరికే రెండు గంటల పని కూడా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది.

డబ్బు సంగతీ ఇంతే. పాత పద్ధతిలో జనవరి వచ్చిందంటే ఆఫీసులో అకౌంట్స్ వాళ్లు ప్రూఫులు అడిగేవారు. పన్ను తప్పించుకోవడానికైనా ఎల్‌ఐసీ ప్రీమియమో, పీపీఎఫ్‌లో కొంతో పడేది. పీపీఎఫ్ పదిహేనేళ్లు కదలనివ్వదు, తిట్టుకుంటూనే కట్టాం, పిల్ల పెళ్లికో చదువుకో అదే ఆదుకుంది. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకి 12 లక్షల 75 వేల దాకా పన్నే లేదు, 80సి లేదు, 80డి లేదు. చేతికి ఎక్కువ వస్తోంది, మంచిదే. కానీ ప్రూఫు అడిగే మనిషి లేడు. కట్టకపోతే అడిగే దిక్కు లేదు. ఈపీఎఫ్ ఒక్కటే మిగిలింది బలవంతంగా పట్టుకునేది, దాన్ని కూడా ఉద్యోగం మారినప్పుడల్లా ఖాళీ చేసేవాళ్లు మనలో ఉన్నారు. మిగిలిన జీతం ఎక్కడికి పోయిందో ఇరవయ్యో తారీఖున వెతుక్కుంటాం. అందులో చేతికి కట్టే వాచీ ఈఎంఐ కూడా ఉంటుంది. ఇవాళ నువ్వు తక్కువ నడిచావని చెప్పడానికి నెలకి రెండు వేలు.

ఈ రెండూ వేరువేరు సమస్యలని మనం అనుకోవడమే ఇబ్బంది. ఒకటి డాక్టరు చూసుకుంటాడు, ఇంకొకటి ఆడిటరు చూసుకుంటాడు అనుకుంటాం. రెండూ కలిసేది ఎక్కడో సంఘం నిధి చూసేవాళ్లకి తెలుసు. అత్యవసర సాయం అడుగుతూ మనకి వచ్చే అర్జీల్లో ముసలివాళ్లవి తక్కువ. నలభైల్లో ఉన్నవాళ్లవే ఎక్కువ. గుండెకి స్టెంటు, కాలికి పుండు మానకపోవడం, కిడ్నీ. ఆసుపత్రి బిల్లు కట్టడానికి 5 లక్షల చీటీని మొదట్లోనే 3 లక్షల 75 వేలకి పాడుకున్నవాళ్లు ఉన్నారు. ఆ తేడా లక్షా పాతిక వేలు ఏ షేర్ మార్కెట్టూ పోగొట్టలేదు. పైగా మిగిలిన వాయిదాలు కడుతూనే ఉండాలి, ఆ మనిషి ఇంకా సరిగా ఉద్యోగానికి వెళ్లకముందే.

ఈ పరిస్థితి ఎంత మందికి దగ్గరగా ఉందో చెప్పే లెక్క ఒకటి మన ఊరి నుంచే వచ్చింది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారని తేల్చారు. ఆ రెండో గుంపు గురించే నా బాధంతా. గుమ్మం దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి రావచ్చు. నడక, తిండి, నిద్ర సరిచేసుకుంటే చాలామంది వస్తారు. కానీ తాము గుమ్మం దగ్గర ఉన్నామని వాళ్లకి తెలియాలి కదా. ఒంట్లో ఏ నొప్పీ ఉండదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే గుమ్మం దగ్గర, 6.5 దాటితే లోపల.

ఇక్కడే డబ్బు మాట వస్తుంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. ఆ కాగితం మీది అంకె మీ ఆరోగ్య బీమాని నిర్ణయిస్తుంది. 6.5 దాటాక పాలసీ తీసుకుంటే కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, ఆ జబ్బుకి సంబంధించిన ఖర్చుల కోసం కొంతకాలం ఆగమనవచ్చు. 2024 నుంచి ఆ ఆగే కాలం మూడేళ్లు మించకూడదని నియంత్రణ సంస్థ రూలు పెట్టింది, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. అరవై ఐదు దాటినవాళ్లకి పాలసీ అమ్మం అనడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద జీఎస్టీ మొత్తం తీసేశారు. జిమ్ మీద 13 శాతం తగ్గిందని పండగ చేసుకున్న మన గ్రూపులో, అదే రోజు బీమా మీద 18 శాతం పోయిందని ఒక్కరూ రాయలేదు.

"మాకు ఆఫీసు పాలసీ ఉంది కదన్నా" అంటారు. ఉంది, ఉద్యోగం ఉన్నంత వరకు ఉంది. నలభై ఎనిమిదేళ్లకి ఉద్యోగం పోయి, షుగర్ ఉండి, సొంత పాలసీ లేని మనిషి పరిస్థితి ఊహించండి. ఆఫీసు పాలసీ నుంచి బయటకి వచ్చేటప్పుడు అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, హెచ్ఆర్ వాళ్లని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. దానికన్నా మేలు ముప్పైల్లోనే, రిపోర్టు బాగున్నప్పుడే, చిన్నదైనా ఒక సొంత పాలసీ తీసుకోవడం. ఉన్న జబ్బు మాత్రం దాచకండి. వరసగా అయిదేళ్లు కట్టాక మోసం రుజువైతే తప్ప క్లెయిమ్ కాదనకూడదన్న రక్షణ ఉంది, కానీ దాచడం అంటే ఆ మోసం కిందికే వస్తుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 80డి కింద సొంత కుటుంబానికి 25,000, అరవై దాటిన అమ్మానాన్నలకి 50,000 దాకా మినహాయింపు ఇంకా ఉంది. అందులోనే 5,000 ముందస్తు పరీక్షలకి వాడుకోవచ్చు.

మ్యూచువల్ ఫండ్లు, సిప్‌లు, బంగారం గురించి నేను రాయను. వాటి మీద సలహా ఇచ్చేవాళ్లు గ్రూపులో కావలసినంత మంది ఉన్నారు. బీమా, ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈ రెండూ లేకుండా మిగతావాటి గురించి మాట్లాడటం దండగ అన్నది నా అభిప్రాయం.

ఇక ఒంటికి కావలసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి నూట యాభై నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చే నడక, రెండు రోజులు కండరాలకి పని. రోజుకి అరగంట, వారానికి అయిదు రోజులు. దీనికి 18,900 ఎందుకు? మనకి మేడే పార్కు ఉంది. మన నాన్నలు దాన్ని నేపియర్ పార్కు అనేవారు. వాలాజా రోడ్డు మీదుగా మెరీనా కూడా దగ్గరే. తరమణి, పెరుంగుడి, వేళచ్చేరి వైపు ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి గుమ్మంలోనే ఎత్తురైలు స్టేషన్ ఉంది. ఆ స్టేషన్ల మెట్లు రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగితే కాళ్లకి చాలినంత పని. టిక్కెట్టు ఒక కప్పు టీ ధర దాటదు. అదే దూరానికి ఆటో, బైక్ టాక్సీ కలిపి నెలకి ఎంతవుతోందో మీ ఫోన్లోనే చూసుకోండి, నేను చెబితే కోపం వస్తుంది. చీకటి పడ్డాక ఆ స్టేషన్లలో ఒంటరిగా దిగడం ఆడపిల్లలకి ఇబ్బంది, అది నిజం. వాళ్లు జట్టుగా రావాలి, లేదా ఎవరైనా ఎదురెళ్లాలి.

ప్రోటీన్ డబ్బాల మీద కూడా ఒక మాట. చేపల మార్కెట్ నడిబొడ్డున పెట్టుకుని మూడు వేల రూపాయల పొడి డబ్బా కొనే ఊరు మనదొక్కటే అనుకుంటాను. మత్తి చేప, గుడ్డు తినేవాళ్లకి దానికన్నా ఏం కావాలి. తిననివాళ్లకి పెసలు, శనగలు, పెరుగు, వేరుశనగలు. అన్నం కుప్ప కాస్త తగ్గించి పప్పు గరిటె పెంచితే చాలు.

కండ గురించి రాస్తుంటే యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. భీమవరంలో పుట్టి, ఇక్కడి హిందూ హైస్కూల్లో మెట్రిక్, మద్రాస్ మెడికల్ కాలేజీలో వైద్యం చదివిన మనిషి. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి కండలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ గురించి చెప్పారు, తర్వాత 1929లో ఏటీపీ. కండ చటుక్కున లాగాలన్నా ఎత్తాలన్నా ముందు ఖర్చు పెట్టేది అక్కడున్న ఆ చిన్న నిల్వనే, మన జేబులో చిల్లర లాగ. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగం వెళ్లి చేరేది కూడా కండలోకే. కండ తగ్గితే చక్కెర దాచుకునే గది చిన్నదవుతుంది. అందుకే నలభై దాటాక నడకతో పాటు గోడకి ఆనుకుని కూర్చుని లేవడం, మెట్లెక్కడం, రెండు నీళ్ల బాటిళ్లు ఎత్తడం లాంటివి కూడా కావాలి. కార్పొరేషన్ వాళ్లు చాలా పార్కుల్లో పెట్టిన ఇనుప పరికరాలు దీనికి చాలు.

"ఇవన్నీ తెలుసు, టైమెక్కడిది?" అనే ప్రశ్న మిగిలింది. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కూడా మేడే పార్కులోనే ఉంది. 2023 ఏప్రిల్ 21న ఫ్యాక్టరీల్లో రోజుకి పన్నెండు గంటల పనికి వీలిచ్చే సవరణ మన శాసనసభలో పాసయింది. సంఘాలన్నీ ఎదురు తిరిగాయి. మే 1న ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఆ సవరణని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించింది మన మేడే పార్కులోనే. అదే ఊళ్లో 1918లో పెరంబూరు మిల్లు కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నప్పుడు వాళ్ల గోడులో భోజనానికి ఇచ్చే సమయం చాలదన్నది ఒకటి. 1923లో సింగారవేలర్ మన సముద్రపు ఒడ్డున మొదటి మేడే జరిపారు. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మనవి అన్నదే ఆ ఉద్యమం అడిగింది. ఒక్కడు వెళ్లి మేనేజరుని అడిగితే ఆ గంటలు రాలేదు. నలుగురు కలిస్తే వచ్చాయి. ఇవాళ ఆఫీసు ఉద్యోగంలో ఉన్నవాళ్లం ఒక్కొక్కళ్లం విడిగా రాత్రి పదింటికి మెయిల్‌కి జవాబు రాస్తూ టైమ్ లేదంటున్నాం.

ఆఫీసుల మీద సంఘం ఏమీ చేయలేదు, మనది ఉత్సవాల సంఘం. కానీ చీటీ మనకి తెలుసు. చీటీ ఎందుకు నడుస్తుంది? వడ్డీ లెక్క చూసి ఎవడూ కట్టడు. అయిదో తారీఖున పక్కింటి అక్క గుమ్మంలో నిలబడుతుంది కాబట్టి కడతాం. పరువు పోతుందని కడతాం. నాకు ఆ పరువు భయమే కావాలి.

కాబట్టి నా ప్రతిపాదన. పదిమందికి ఒక జట్టు. వాయిదా రోజుకి ముప్పై నిమిషాలు. జట్టుకి ఒకరు పెద్ద, పుస్తకంలో టిక్కు పెట్టేవాళ్లు. రాలేనివాళ్లు ముందురోజు రాత్రే జట్టుకి చెప్పాలి, కారణం అక్కర్లేదు, చెప్పడం ముఖ్యం. మూడు రోజులు వరసగా రాకపోతే జట్టులో ఇద్దరు ఇంటికెళ్లి కాఫీ అడుగుతారు. నెల మొదటి వారంలో ఒక రోజు నడక అయ్యాక పది నిమిషాలు కూర్చుంటారు. జీతం పడిన రోజే పొదుపు పక్కకి పెట్టావా లేదా, బీమా ప్రీమియం కట్టావా లేదా. అవునో కాదో చెబితే చాలు. అంకెలు ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. జీతాల పోలిక మొదలైతే ఆ జట్టు నెల కూడా నిలబడదు.

ఇందులో రూపాయి కూడా వసూలు చేయకూడదు. చీటీ అని పేరు పెట్టాను కదా అని ఎవరూ దీని చాటున డబ్బు చీటీ మొదలుపెట్టకండి. 1982 చట్టం ప్రకారం రిజిస్టరు కాని చీటీ నేరం. చీటీ పెట్టినవాళ్లు పారిపోతే ఏమవుతుందో మన పేటకి వేరే చెప్పాలా? డబ్బు చీటీ కట్టాలనుకుంటే రిజిస్టరైన కంపెనీలో కట్టండి, కమీషన్ 7 శాతం దాకా తీసుకుంటారని తెలిసి కట్టండి.

పొద్దున ఆరింటికి పార్కు అంటే మగవాళ్లకి బాగానే ఉంటుంది. ఆ సమయానికి ఉద్యోగం చేసే ఆడవాళ్లు రెండు డబ్బాలు సర్దుతూ, పిల్లలని లేపుతూ, మోటారు వేస్తూ ఉంటారు. "మీరూ రండి వదినా" అని పిలవడం తేలిక. ఆ ఆరింటి పని ఎవరు చేస్తారో చెప్పకుండా పిలిస్తే అది పిలుపు కాదు. అందుకని రెండు మార్గాలు. వారానికి మూడు రోజులు డబ్బాల పని ఇంట్లో మగవాళ్లది, లేదా రాత్రి ఎనిమిదింటికి మిద్దె మీద ఆడవాళ్ల జట్టు, వంట ఆ పూట మగవాళ్లది. సంఘం మహిళా విభాగంవాళ్లు ఏది బాగుంటుందో వాళ్లే తేల్చాలి, మనం తేల్చకూడదు. అగ్నినక్షత్రం రోజుల్లో పొద్దున అయిదున్నరకే మొదలుపెట్టాలి. నవంబరు, డిసెంబరు వానల్లో పార్కు బురద అయితే మిద్దె, మెట్లు ఉన్నాయి. వాన పేరు చెప్పి ఆపితే మళ్లీ సంక్రాంతి దాకా ఎవరూ లేవరు.

జిమ్‌కి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లు వెళ్లండి, మానేయమని నేను అనడం లేదు. నేర్పే మనిషి ఉంటే బరువులెత్తడం అక్కడే సరిగా వస్తుంది. మొదట మూడు నెలలకి కట్టి చూడండి. సంఘం డబ్బుతో మాత్రం వద్దు.

ఆ 75,000 ఏం చేద్దాం? హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్టరాల్ పరీక్షలకి ఒక ల్యాబ్‌తో మాట్లాడి తలకి 500 అనుకున్నా నూట యాభైమందికి అవుతుంది. బేరం ఆడితే ఇంకా ఎక్కువమందికి అవుతుంది. ముప్పై నుంచి యాభై మధ్యవాళ్లకి మొదటి వరస. ఫలితం ఎవరి చేతికి వాళ్లకే, సీల్ చేసిన కవర్లో, గ్రూపులో చర్చ లేదు. ఎవరికైనా అంకె ఎక్కువ వస్తే పెద్ద ఆసుపత్రులు మన చుట్టూనే ఉన్నాయి. నడిచి వెళ్లేంత దగ్గర్లో ఓమందూరార్ ప్రభుత్వ మల్టీ సూపర్ స్పెషాలిటీ, సెంట్రల్ ఎదురుగా రాజీవ్ గాంధీ ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రి అంటే చిన్నచూపు ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి చూసి రండి.

వచ్చే సమావేశంలో జిమ్ ప్రతిపాదనతో పాటు దీన్ని కూడా ఓటుకి పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఓటుతో పని లేకుండా నడక జట్టు ఇప్పుడే మొదలవచ్చు. మొదటి జట్టులో ఇప్పటికి ఆరుగురం ఉన్నాం, నలుగురు కావాలి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టరుని అడిగి రండి. కొత్త బూట్లు కొనక్కర్లేదు, ఉన్న చెప్పులతోనే రండి. ఎల్లుండి సోమవారం పొద్దున 5:45కి మేడే పార్కు గేటు దగ్గర ఉంటాం, 5:50కి బయలుదేరతాం. ఆలస్యమైనవాళ్ల కోసం ఆగం.